ఎర్ర సిరా అంచు

మా కాలేజీ గ్రంథాలయానికి నేను ఇన్‌చార్జిని. ఇన్‌చార్జి అంటే, ఆ పని మనకు రాదని అందరికీ తెలిసి కూడా, ఇంకెవరూ దొరక్క మనకే అంటగట్టారని అర్థం. నా అసలు ఉద్యోగం చరిత్ర పాఠం చెప్పడం. పాత లైబ్రేరియన్ రిటైరై వెళ్తూ తాళాలగుత్తి నా చేతిలో పెట్టి, "కొత్తాయన వచ్చేదాక జర సూస్కో తమ్మీ" అన్నాడు. కొత్తాయన ఇంకా రాలేదు. చూసుకుంటూనే ఉన్నాను.

ఆ గుత్తిలో అన్నిటికంటే పొడుగు తాళంచెవి పాత ఆటసామాను గదిది. ఇప్పుడు దాని తలుపు మీద ఫ్లెక్సీ ముక్క ఉంటుంది: 'రాతప్రతులు, వ్యక్తిగత పత్రాల విభాగం'. లోపల ఇంకా వాలీబాల్ వాసనే. రెండు ఇనుప బీరువాలు, ఒక బల్ల, తిరిగే ఉద్దేశం లేని ఫ్యాను. మొదటి బీరువాలో ఒక వైద్యుల కుటుంబం ఇచ్చిన తాటాకు కట్టలు, ఒక పట్వారీ ఇంటివాళ్లు ఇచ్చిన ఉర్దూ దస్తావేజులు, మహారాష్ట్ర సరిహద్దున డోంగ్లి వైపు నుంచి వచ్చిన పాత మరాఠీ ఉత్తరాల మూట ఉన్నాయి. ఈ మూడింటినీ చదవగలిగినవాళ్లు మా కాలేజీలో ఒక్కరూ లేరు. అందుకే అవి చాలా భద్రంగా ఉన్నాయి. రెండో బీరువా చదవగలిగిన కాగితాలది. గొడవంతా దానితోనే.

ఆ కాగితాలు ఒక బడిపంతులివి. ఎల్లారెడ్డికి దగ్గర్లోని ఒక ఊళ్లో ఆయన సర్వీసంతా గడిపి, తీరిక దొరికినప్పుడల్లా ఆ ఊరి చరిత్ర రాసి, అచ్చు వేయించకుండానే పోయాడు. ఆయన భార్య ఎల్లారెడ్డిలో కూతురి దగ్గర ఉంటోంది. కూతురే ఫోన్ చేసింది.

"బాపు కాగితాలు రెండు రేకుపెట్టెలున్నయ్ సార్. మీ కాలేజీల దాస్తరట గద. మంచం కింద జాగ సాల్తలేదు."

మన దేశంలో చరిత్ర చాలావరకు ఇలాగే బయటపడుతుంది, మంచం కింద జాగా చాలక. మర్నాడు బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు, మగవాళ్లకు సీటు లేదు. లింగంపేట దాటేదాకా నిలబడి, తర్వాత ఒక ఉల్లిగడ్డ బస్తా మీద సగం కూర్చుని, ఎల్లారెడ్డిలో దిగాను.

అవ్వకు ఎనభై దాటి ఉంటాయి. చూపు దాదాపు పోయింది. నేను గడప దగ్గర చెప్పులు విడుస్తుంటేనే, "కాలేజీ సారేనా? కాళ్లు ఈడ్సుకుంట నడుస్తున్నవ్, మస్తు అలిసినట్టున్నవ్" అంది. నన్ను అంత తొందరగా అర్థం చేసుకున్నవాళ్లు నా సర్వీసులో లేరు.

పెట్టెలు రెండూ ముందు పెట్టించుకుని, ఒకదాని మీద చెయ్యి వేసి కూర్చుంది.

"ఇస్త గని, ఒక్క మాటున్నది సారూ."

"చెప్పవ్వా."

"ఆయన రాసింది నాకు సదివి ఇనిపిస్తుండె. గట్ల కాదయ్యా, గిట్ల జరిగిందని నేనంటె, ఎర్ర సిర కలం తీసి పక్కకు రాసుకునేటోడు. నడుమ రాయమంటె రాసేటోడు గాదు."

"ఎందుకు రాయలేదు?"

"నడుమ జాగ లేదనేటోడు."

లోపలినుంచి కూతురు, "జాగ ఎందుకు లేకుండె, ఆయన రాసేదే కాగితానికి సగం" అంది.

"నువ్వూకో. సారూ, ఆయనది అచ్చేస్తె నాది గుడ ఎయ్యాలె. గంతే. లేకుంటె పెట్టెలు మళ్ల మంచం కిందికే పోతయ్."

వేస్తామన్నాను. కాలేజీ తరఫున మాట ఇవ్వడం సులభం. కాలేజీకి నోరు లేదు కదా, కాదని అనదు.

అవ్వ అప్పుడు కొంచెం ముందుకు వంగింది.

"ఇంకోటి సారూ. నా సిన్నప్పుడు కరువొచ్చి మా ఊరి బడిల గంజి పోసిండ్రు. ఊరి పెద్దలు పోసిండ్రని ఆయన రాసిండు. ఆయన ఆ ఊరికి నౌకరికొచ్చినోడు, పెద్దమనుషులు సెప్పిందే రాసిండు. నేను ఆ గంజి తాగినదాన్ని. పెద్దలు ఎక్కడ పోసిండ్రు? ముగ్గురు ఆడోళ్లు ఒండి పోసిండ్రు."

వేళ్లు మడిచి లెక్కబెట్టింది. మొదటి వేలికి వాళ్లమ్మ పేరు, రెండో వేలికి పక్కింటామె పేరు చెప్పింది. (ఆ పేర్లు పుస్తకంలో ఉంటాయి. ఇక్కడ ఎవరి పేరూ లేదు, నాది కూడా.) మూడో వేలు సగం మడిచి ఆగిపోయింది.

"మూడో ఆమె పేరు నోట్లెనే ఉన్నట్టుంటది, వస్తలేదు. గంజి కాగు ఒరిగి మోచెయ్యి దాక కాలింది. కాలిన చెయ్యితోనే నెల దినాలు ఒండింది. ఆయనకు సెప్పిన, రాసుకున్నడు. ఎర్ర సిరల ఉంటది. సూసి ఫోన్ల జెప్పు సారూ. అది యాదికి రాక పాణం గుంజుతున్నది."

సరేనన్నాను. మర్చిపోకుండా బస్సు టికెట్ వెనక రాసుకున్నాను కూడా. ఆ టికెట్ ఎక్కడుందో ఇప్పుడు నాకు తెలియదు. పత్రాలు భద్రపరిచే విభాగానికి ఇన్‌చార్జిని నేనేనని మరోసారి మనవి చేస్తున్నాను.

*

పెట్టెలు వచ్చిన కొద్ది రోజులకే, కాలేజీని పరిశీలించడానికి పైనుంచి ఒక కమిటీ వస్తుందని కబురొచ్చింది. మా ప్రిన్సిపాల్ నన్ను పిలిచారు.

"మనకొక ప్రత్యేకత కావాలె. రాతప్రతులే మన ప్రత్యేకత."

"చదివేటోళ్లు లేరు సార్."

"ప్రత్యేకత అంటె గదే గదా."

రెండు పనులు పురమాయించారు. ఒకటి, కాగితాలన్నీ అట్టపెట్టెల్లో సర్దించాలి. రెండు, కమిటీ వచ్చేలోగా పంతులుగారి ఊరి చరిత్రను పుస్తకంగా అచ్చు వేయాలి. అట్టపెట్టెలు ఆయనే ఫోన్‌లో ఫొటో చూసి తెప్పించారు. ఫొటోలో అవి పెద్దగా కనిపించాయట. వచ్చాక చూస్తే పంతులుగారి కాగితాలకంటే నాలుగు వేళ్లు చిన్నవి. ఆయన రాసుకున్నది వెడల్పాటి పాత రిజిస్టరు కాగితాల మీద. ఎడమ పక్క అంచులను పురుగు తినేసింది.

గ్రంథాలయంలో నాకున్న ఏకైక సిబ్బంది మేమంతా అక్క అని పిలిచే ఒకామె. ఊడ్చే పనికి కాంట్రాక్టు మీద వచ్చింది. అటెండర్ పోస్టు ఖాళీ కాబట్టి ఆ పనీ ఆమే చేస్తుంది, అంటే ఆమె కూడా ఇన్‌చార్జే. ఇంటి దగ్గర బీడీలు చేస్తుంది. పదేళ్ల వయసునుంచి చేస్తోంది. ఆమె వేళ్లు ఖాళీగా ఉండటం నేను చూడలేదు. పని లేనప్పుడు కూడా గాల్లో ఏదో చుడుతూ ఉంటాయి.

"ఈ కాగితాలు ఆ డబ్బలల్ల పట్టియ్యాలె అక్కా" అన్నాను. "అంచులు బాలేవు, జర సాపు చెయ్యి. అన్నీ ఒక్క తీరుగ కనవడాలె."

ఈ మూడు వాక్యాలూ చెప్పింది నేనే. తర్వాత జరిగినదాని గురించి కాలేజీలో ఎవరెవరినో అన్నారు కాబట్టి ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను. చెప్పేసి పరీక్షల డ్యూటీకి వెళ్లిపోయాను. పది రోజులు పిల్లల చేతులూ జేబులూ చూస్తూ గడిపాను.

తిరిగొచ్చి బీరువా తెరిచాను. అంత అందమైన పని మా కాలేజీలో అంతకుముందు జరగలేదు. అక్క ఒక అట్టముక్కను డబ్బా కొలతకు కత్తిరించుకుని, బీడీ ఆకు మీద రేకు పెట్టి కోసినట్టు, ప్రతి కాగితం మీదా దాన్ని పెట్టి కత్తెరతో కోసింది. ఇరవై అయిదేసి కాగితాలు ఒక కట్ట. బీడీ దారంతో రెండు చుట్లు, చివర ఆ చిన్న ముడి. ఒక్క కాగితం కూడా పక్కకు జరగలేదు.

"కార్ఖానల ఒక్క బీడీ పొడుగున్నా కట్ట మొత్తం పక్కకు పారేస్తరు సార్" అంది. "అలవాటైపోయింది."

మెచ్చుకున్నాను. కూర్చుని మొదటి కట్ట విప్పి అరగంట చదివాను. ఊరు ఎలా పుట్టింది, బడి ఎలా వచ్చింది, పెద్దలు ఎంత మంచివాళ్లు. వాక్యాలు సాఫీగా సాగిపోతున్నాయి. ఎక్కడా ఎవరూ అడ్డు చెప్పడం లేదు. నాకు అనుమానం రావలసింది అక్కడే. చరిత్ర చదువుకున్నవాణ్ణి కాబట్టి రాలేదు, ఇది మామూలే అనుకున్నాను.

ఆ సాయంత్రం అవ్వ ఫోన్ చేసింది.

"దొరికిందా సారూ? ఎర్ర సిర."

మళ్లీ కట్ట తీసి చూశాను. ఇరవై అయిదు కాగితాల్లో ఎక్కడా ఎర్ర చుక్క లేదు. ఎడమ అంచు చూశాను. కొత్త కోత, తెల్లగా.

"ఎతుకుతున్న అవ్వా" అన్నాను. అబద్ధం కాదు, ఆ క్షణం నుంచే మొదలైంది.

*

మర్నాడు పొద్దున అక్కను అడిగాను.

"అక్కా, కాగితాల పక్కన ఎర్ర సిరతోని రాసి ఉండాలె గదా."

"ఉండె సార్. తీసేసిన."

"ఎందుకు?"

"అటు దిక్కే పురుగు తిన్నది. మళ్ల ఎర్రగుండె." నా మొహం చూసి చీపురు పక్కన పెట్టింది. "పంతులు ఎర్ర సిర పెట్టిండంటె తప్పులే గద సార్. మా బిడ్డ నోట్‌బుక్కుల గట్లనే ఉంటది. వచ్చేటోళ్లు తప్పులు సూస్తె మీకే ఇజ్జత్ పోతదని, తప్పుల దిక్కుకెల్లే కోసిన."

ఆలోచించిన కొద్దీ ఆమె చెప్పిందే సరిగ్గా ఉంది. అవి తప్పులే. కాకపోతే పంతులుగారివి.

"ఆ ముక్కలు పారేసినవా?"

అక్కకు ఆ మాట తగిలినట్టుంది. "బీడీలు చేసే ఇంట్ల ఏదన్న పారేస్తరా సార్? కోసిన ఆకు ముక్కలు గుడ పొయ్యిలకు దాస్తం."

"పొయ్యిలకా."

"రెండు దినాలు నీళ్లు కాగినయ్" అంది మెల్లగా. "కడమయి సంచిల ఉన్నయ్."

మర్నాడు గోనెసంచి మోసుకొచ్చింది. బల్ల మీద కుమ్మరిస్తే నాలుగు వేళ్ల వెడల్పున్న కాగితపు పట్టీలు కుప్పగా పడ్డాయి. ప్రతిదాని మీదా సన్నని ఎర్ర అక్షరాలు. ఎంత మంది పిల్లల తప్పులు దిద్దిన చెయ్యో, గుండ్రంగా, ఓపికగా రాసింది. ఒక పెళ్లైన మనిషి ఓడిపోయిన వాదనలన్నీ ఒకే చోట అలా కుప్పగా నేను ఎప్పుడూ చూడలేదు.

ఏ పట్టీ ఏ కాగితానిదో తెలియాలి. చదువుకున్నవాణ్ణి కాబట్టి చదివి కలపబోయాను. మధ్యాహ్నమంతా కూర్చుంటే రెండు కుదిరాయి, అందులో ఒకటి తప్పు. అక్క కాసేపు చూసి, ఇంటినుంచి చాట తెచ్చుకుని ఒళ్లో పెట్టుకుంది.

"అచ్చరాలు సూడకుండ్రి సార్. తూట్లు సూడుండ్రి. పురుగు కాగితం ఇడిచి కాగితం తినది, అన్నిట్లకెల్లి తొవ్వ జేస్కుంట పోతది. ఈ తూటు సగం ఇక్కడుంది, సగం ఆ కాగితానికుంటది."

ఆమె వేళ్లు పట్టీని ఒకసారి తడిమేవి, కాగితాన్ని ఒకసారి తడిమేవి, రెండూ పక్కపక్కన పెట్టేవి. కుదిరేది. మైదా గంజితో అతుకుదామా అంది. పురుగులకు మళ్లీ విందు ఎందుకని వద్దన్నాను. రెండు ముక్కల్నీ ఒక పలుచని ప్లాస్టిక్ కవరులో పక్కపక్కన పెట్టడం మొదలుపెట్టాం. రోజూ మూడు నుంచి అయిదు దాకా. ఫ్యాను తిరగదు, తిరిగినా పెట్టుకోలేం, పట్టీలు ఎగిరిపోతాయి. నా మెడ ఆ వేసవిలో పట్టేసింది. ఇంకా వదల్లేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, చదవడానికి బాగుండేది. పంతులుగారు నల్ల సిరాతో, 'తనిఖీ అధికారి వచ్చిన రోజున విద్యార్థులందరూ క్రమశిక్షణతో హాజరయ్యారు' అని రాశారు. పక్కన ఎర్ర సిరాతో, 'సగం మంది సంతకు పోయారని అంటుంది.' ఇంకో చోట, 'మా వివాహం నిరాడంబరంగా జరిగింది.' పక్కన, 'నిరాడంబరం కాదు, బియ్యం దొరకలేదు అంటుంది.' మరో చోట, 'నేను ఏనాడూ కోపించి ఎరుగను.' పక్కన ఒకే మాట: 'నవ్వింది.'

అది చదివి వినిపిస్తే అక్క కూడా నవ్వింది.

గంజి సంగతి ఉన్న నల్ల సిరా కాగితం ముందే దొరికింది. 'గ్రామ పెద్దలు ఉదారహృదయంతో గంజి కేంద్రాన్ని నిర్వహించారు.' దాని పక్క పట్టీ దొరకలేదు.

అవ్వ ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. "దొరికిందా సారూ?" లేదనగానే మొదటి పేరు, రెండో పేరు చెప్పి, మూడోది నేను అందిస్తానేమోనని ఆగేది. ఒక ఆదివారం కూతురు ముందు తను మాట్లాడింది.

"మొన్న రెండో పేరు గుడ యాదికి రాలే సార్ అవ్వకు. తెల్లారినంక వచ్చింది. గప్పటిదాక ముద్ద ముట్టలే. జర జల్ది సూడుండ్రి."

సంచి సగం అయింది, ముప్పావు అయింది. పట్టీ లేదు. అక్క రోజురోజుకు మాట తగ్గించింది. ఒకరోజు చాట మీదనుంచి తల ఎత్తకుండానే అంది: "కాగిన నీళ్లల్లనే పోయిందేమో సార్. ఆ రెండు దినాలు తానం జెయ్యకుంటె ఏం పోవు నాకు."

"చెప్పింది నేను అక్కా."

"కోసింది నేను గద."

ప్రిన్సిపాల్ గారు తొందరపెట్టసాగారు. "నల్ల సిరాది అచ్చుకు పంపుదాం. ఎర్రది రెండో ముద్రణల చూస్కుందాం."

మా కాలేజీ ప్రచురణల్లో దేనికీ రెండో ముద్రణ రాలేదు. మొదటి ముద్రణే ఇంకా మెట్ల కింద ఉంది.

"మాటిచ్చిన సార్."

"ఎవరికి?"

"మంచం కింద జాగా లేనామెకు."

నా వైపు కాసేపు చూసి, నెలాఖరు దాకా గడువు ఇచ్చారు. నేను పనిలో ఇంత పట్టుదల చూపించడం ఆయనకు కొత్త. నాకూ కొత్తే.

*

నెలాఖరుకు నాలుగు రోజుల ముందు, సంచి అడుగున కుట్టులో ఇరుక్కున్న ఒక పట్టీని అక్క వేలితో తోడి తీసింది. తూట్లు తడిమింది. లేచి వెళ్లి గంజి కాగితం తెచ్చింది. పక్కన పెట్టింది. కుదిరింది.

"సదువుండ్రి సార్" అంది. తను చూడకుండా కిటికీ వైపు తిరిగింది.

చదివాను. 'గంజి పోసింది పెద్దలు కాదు, ముగ్గురు స్త్రీలు అంటుంది. ఒకరు వీళ్ల అమ్మ. రెండు, పక్కింటి ఆమె.' ఇద్దరి పేర్లూ ఉన్నాయి. 'మూడు, తండా నుంచి నడిచి వచ్చే ఆమె. చేయి కాలిందట. పేరు ఈమెకు తెలియదు. అందరూ తండామె అనేవారట. రేపు ఎవరినైనా అడగాలి.'

అంతే. దాని కింద రెండు వేళ్ల ఖాళీ. తర్వాతి కాగితం పట్టీలో బడికి గంట వచ్చిన సంగతి. రేపు రాలేదు.

"గంతేనా సార్?"

"గంతే అక్కా."

అక్క చాటలో మిగిలిన కాగితపు పొడి దులిపింది. "మా కార్ఖానకు ఒకామె వస్తది సార్, కట్టలు అప్పజెప్పనీకి. గాంధారి దిక్కు తండా. గాంధారామె అనే పిలుస్తం. పన్నెండేండ్ల సంది నా పక్కకే కూసుంటది." చాట సంచిలో పెట్టుకుని ఆ రోజు కొంచెం ముందుగా వెళ్లిపోయింది.

ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. మళ్లీ బస్సు, మళ్లీ నిలబడటం. ఈసారి ఉల్లిగడ్డ బస్తా కూడా లేదు. దారంతా ఒక ఉపాయం ఆలోచించాను. చరిత్ర మాస్టారిని కదా, ఏదో ఒక పేరు చెప్పేస్తే? అవ్వకు ఊరట, నాకు విశ్రాంతి. ఎల్లారెడ్డి బస్టాండులో దిగేసరికి మూడు పేర్లు తయారుగా ఉన్నాయి.

గడప దగ్గర చెప్పులు విడిచాను.

"దొరికినట్టున్నది" అంది అవ్వ. "గని మంచిగ దొరకలే. మెల్లగ నడుస్తున్నవ్."

తయారుగా ఉన్న మూడు పేర్లూ అక్కడే పోయాయి. కూర్చుని, కవరులోని పట్టీ బయటికి తీయకుండానే, మొదటినుంచి చివరిదాకా చదివాను. 'రేపు ఎవరినైనా అడగాలి' దాకా.

కూతురు వాకిట్లో గిన్నె తోమడం ఆపింది.

"అంటె నేను మర్చిపోలే" అంది అవ్వ.

"మర్చిపోలేదవ్వా."

"తెల్వనే తెల్వదు." మూడో వేలిని రెండో చేత్తో పట్టుకుంది. "నెల దినాలు ఆమె చేతి గంజి తాగిన. పేరు అడగలే."

"సిన్నపిల్లవు గద అవ్వా గప్పుడు" అంది కూతురు.

"సిన్నపిల్లకు ఇంకింత పొయ్యమని అడుగొచ్చింది. పేరు అడగరాకపాయెనా?"

రోడ్డు మీద ఆటోవాడు గాంధారి, గాంధారి అని అరుస్తున్నాడు.

"ఆయన గుడ అడగలే" అంది అవ్వ. "రేపని రాసుకున్నడు. ఎర్ర సిర అయిపోయిందో, పొద్దే గూకిందో." తర్వాత నా వైపు తిరిగింది. "కలమున్నదా సారూ?"

"ఉన్నది."

"రాయి. పక్కకు కాదు, నడుమ రాయి. జాగ ఉన్నదా?"

"ఉన్నదవ్వా."

ఆమె చెప్పింది, నేను రాశాను. ఆమె మాటలను పుస్తకం భాషలోకి మార్చబోతే రెండుసార్లు ఆపింది. మొదటి ఆమె, రెండో ఆమె, వాళ్ల పేర్లు. 'మూడో ఆమె తండా కెల్లి నడిసొచ్చేటిది. చెయ్యి గాలినా ఒండింది. ఆమె పేరు మేము అడగలే.'

"పేరు కాడ జాగ ఇడువు."

"ఎంత ఇడువాలె అవ్వా?"

బొటనవేలు, చూపుడువేలు గాల్లో ఎడంగా పెట్టి చూపించింది. కొంచెం ఆలోచించి ఆ ఎడం ఇంకాస్త పెంచింది. "పొడుగు పేరైతె పట్టాలె గద."

*

కమిటీ వచ్చింది. మా విభాగంలో నాలుగు నిమిషాలు ఉంది. చదవలేని బీరువా ముందు చేతులు కట్టుకుని నిలబడింది, చదవగలిగిన బీరువాలో, కవర్లతో సహా అక్క మళ్లీ కట్టిన కట్టలు చూసి ముచ్చటపడింది. ఒకాయన బీడీ ముడిని పట్టుకుని, ఇంత ఒక్క తీరుగా కట్టడం ఎక్కడ నేర్పించారని అడిగారు. స్థానికంగానే అన్నాను. పక్కన ఖాళీ గోనెసంచి మడతపెట్టి ఉంది, దాన్ని ఎవరూ అడగలేదు. పుస్తకం అచ్చులో ఉందని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. అది నిజమే, ఇప్పటికీ అచ్చులోనే ఉంది.

కారణం ఆ జాగా. ప్రెస్సులో అక్షరాలు కూర్చే అతను ప్రూఫు తీసిన ప్రతిసారీ దాన్ని మూసేస్తున్నాడు. మూడుసార్లు తెరిపించాను. నాలుగోసారి అతనే ఫోన్ చేశాడు.

"సార్, గంజి పేజీల ఏదో పడిపోయింది. కలిపెయ్యాల్నా?"

"పడిపోలేదు తమ్మీ. అట్లనే ఉంచు."

"సదివేటోళ్లు మా తప్పనుకుంటరు సార్."

"నాదని చెప్పు."

అవ్వ వాళ్ల ఊరికి నడిచి రాగలిగే తండాలు గాంధారి వైపే ఉన్నాయి కాబట్టి, ఆదివారాలు నేను అటు వెళ్తున్నాను. అక్కడ తండాలు ఒకటీ రెండూ కాదు. గంజి కాగు ఒరిగి చెయ్యి కాలిన ఆమె ఎవరని అడిగితే, మొదటి తండాలో ఒక పేరు చెప్పారు, రెండో తండాలో ఇంకోటి, మూడో తండాలో ఒక ముసలాయన చుట్ట వెలిగించుకుని నన్ను పైకీ కిందికీ చూశాడు. "గప్పుడు గంజి కాడ పనిజేసినోళ్లు అందరి చేతులు కాలినయ్ సారూ. మీకు ఏ చెయ్యి గావాలె?" ఆయన పేరు మాత్రం అడిగి రాసుకున్నాను.

అక్క ఆ పట్టీ దొరికిన మర్నాడే, ఊడ్చడం అయ్యాక గ్రంథాలయం గుమ్మంలో నిలబడి, "అడిగిన సార్" అంది.

"ఎవరిని?"

"గాంధారామెను. పేరు." పేరు చెప్పింది. చిన్న పేరు. పన్నెండేళ్లు పట్టేంత పేరేం కాదు. "ఎందుకడుగుతున్నవని నవ్వింది సార్. ఏమీలే, కాలేజీ పని అని చెప్పిన."

నిన్న అవ్వ ఫోన్ చేసింది. ఇప్పుడు 'దొరికిందా' అని అడగడం మానేసింది.

"జాగ ఉన్నదా సారూ?"

"ఉన్నదవ్వా."

"ఎంత?"

ప్రూఫు ముందు పెట్టుకుని వేళ్లతో కొలిచాను. మెడ పట్టేసి ఉంది, ఫోను భుజానికి నొక్కుకుని మరోసారి కొలిచాను. "నువ్వు సూపించినంత" అన్నాను.

"సరే. పూడ్చనియ్యకు" అని పెట్టేసింది.